బడిలో నాటకాన్ని పిల్లల నోట పలికించండి

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

విషయం: తీరప్రాంత ఉన్నత పాఠశాలల్లో తెలుగు నాటకాలను చదివించి, ఆడించి బోధించేందుకు వీలు కల్పించవలసిందిగా వినతి.

ఆర్యా,

మేము ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు మండలాల బడుల్లో తెలుగు చెప్పే ఉపాధ్యాయులం, అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులం. మా దగ్గర నాటక పాఠం రెండు పీరియడ్లలో ముగుస్తోంది. కవి పరిచయం, పాత్రల పేర్లు, గైడులోంచి ఎక్కించుకున్న నాలుగు జవాబులు, అంతే. ఒక్క సంభాషణా పైకి పలకకుండానే పిల్లలు పరీక్ష రాసేస్తున్నారు.

మాలో ఒకరు తొమ్మిదో తరగతికి వేదం వేంకటరాయశాస్త్రి గారి ‘ప్రతాపరుద్రీయం’ తెచ్చి చదివించారు. 1897 నాటి నాటకం. ఏడాదంతా చదవమంటే తల దించుకునే పట్టపుపాళెం పిల్లాడికి చాకలి పేరిగాడి మాటలు వచ్చాయి. రెండు వరుసలు చదివి ఆగాడు. “ఏంది సార్, పుస్తకంలో ఇట్టా కూడా రాస్తారా?” అన్నాడు. మర్నాడు మంత్రి యుగంధరుడి మాటలు కూడా తనే అడిగి తీసుకున్నాడు. ఆ సమాసాలు మూడుసార్లు తడబడి, నాలుగోసారి తప్పు లేకుండా పలికాడు. పాత నాటకాల భాష మన పిల్లలకు ఎక్కదనే మాటను మేము అందుకే ఒప్పుకోము.

శాస్త్రిగారు గ్రాంథికం పక్షాన గట్టిగా నిలబడ్డ పండితులు. అయినా నాటకంలో ఎవరి మాట వారి చేతే పలికించారు. వారి నాటకాలాడిన ఆంధ్ర భాషాభిమాని సమాజం మన నెల్లూరుదే. సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ గారి సినిమా పాటలు మా పిల్లలకు నోటికొచ్చు. ఆయన ‘ఎన్.జి.ఓ.’ అనే నాటకం రాశారని మాత్రం తెలియదు.

కాబట్టి నాటక పాఠానికి కనీసం ఆరు పీరియడ్లు ఇప్పించండి. మొదటి రెండూ పైకి చదవడానికే ఉండాలి, ప్రశ్నలు జవాబులు తర్వాత. ఆడి చూపినదానికి ఫార్మేటివ్ మార్కుల్లో చోటివ్వండి, మార్కు లేని పనికి బడిలో సమయం దొరకదు. రిహార్సల్ బడివేళల్లోనే జరగాలి. సాయంత్రం బస్సు తప్పితే ఆడపిల్లలు ఇల్లు చేరడం కష్టం, ఆ ఒక్క కారణంతో వాళ్లు వేషాలకు దూరమవుతున్నారు. ప్రతి బడికీ ‘ప్రతాపరుద్రీయం’, ‘కన్యాశుల్కం’, ‘ఎన్.జి.ఓ.’ పూర్తి ప్రతులు పదేసి పంపండి. కులాన్ని ఎగతాళి చేసే ఘట్టం వస్తే దాటేయకుండా, ఆనాటి సంగతి విప్పి చెప్పి పిల్లలతో మాట్లాడించేలా ఉపాధ్యాయులకు శిక్షణ అవసరం.

మా ఊళ్లలో తిరునాళ్లకు పద్యనాటకాలాడిన పెద్దలు ఇంకా ఉన్నారు. గౌరవ వేతనం ఇచ్చి నెలకొకసారైనా వారిని బడికి పిలవనివ్వండి. హంగులేమీ అడగడం లేదు. తలగుడ్డ, చేతికర్ర ఉంటే ‘ప్రతాపరుద్రీయం’లో యుగంధరుడు వేసే పిచ్చివాడి వేషం కట్టేయొచ్చు.

కందుకూరి వీరేశలింగం గారి జయంతి అయిన ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటాం, కానీ అది పరీక్షల కాలం. అందుకని సంక్రాంతి సెలవులకు ముందే ఒక రోజు నెల్లూరు పురమందిరం వేదికను మా పిల్లలకు ఇప్పించి, బస్సు ఖర్చు మంజూరు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాము. ఈ విద్యా సంవత్సరంలోనే ఉత్తర్వులిస్తే, మొదటి ప్రదర్శనకు తమరే వచ్చి ముందు వరుసలో కూర్చోవాలని మా కోరిక.

ఇట్లు,
తీరప్రాంత ఉన్నత పాఠశాలల తెలుగు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు