కాగితాలు ఆమె చేతిలోనే ఉండాలి

అమెరికా పౌరుణ్ని పెళ్లాడి రెండేళ్లు నిండకముందే గ్రీన్‌కార్డు పొందిన భార్యకు మొదట దక్కేది రెండేళ్ల షరతుల కార్డే. దాని గడువు ముగిసేలోపు, చివరి 90 రోజుల్లో, ఆ షరతులు తొలగించమని కోరుతూ దంపతులిద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు పెట్టాలి. సంతకం చేయనని భర్త బెదిరిస్తే, చట్టం తెలియని అమ్మాయి హింసను మౌనంగా భరిస్తుంది. దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి 1986లో తెచ్చిన ఈ నిబంధన ఉండాల్సిందేనని కొందరి వాదన. తనిఖీ అవసరమే, కానీ అది భర్త చేతిలో ఆయుధం కాకూడదు. అందుకే విడాకులైనా, హింస ఎదురైనా ఆమె ఒంటరిగా దరఖాస్తు చేసుకునే వీలును చట్టమే కల్పిస్తోంది.

అయితే పెళ్లి నిజమైనదని చూపే ఉమ్మడి బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం, పన్ను పత్రాల నకళ్లు ఆమె దగ్గరుండాలి. కట్నకానుకల గురించి నెలల తరబడి మాట్లాడుకునే తల్లిదండ్రులు, అమ్మాయిని విమానం ఎక్కించే ముందు ఈ హక్కుల గురించి ఆమెకు చెప్పి పంపాలి.