ఏకగ్రీవమా, మౌనమా?

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడెల్ల "ఏకగ్రీవము" అను మాట పల్లెలలో ఇంపుగా వినవచ్చుచుండును. ఊరంతయు నొక్కమాటపై నిలుచుట శుభమే. కాని యా కంఠములు నిజముగా పలికినవా, లేక నొక్కబడినవా యని విచారించుట పౌరుల విధి.

ఏకకంఠమన నెట్టిదో చీరాల పేరాల ప్రజలు లోకమునకు చూపిరి. ఆ రెండు గ్రామములను కలిపి నాటి ప్రభుత్వము పురపాలకసంఘము నేర్పరుపగా పన్నులు పలురెట్లు పెరిగినవి. 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది జనులు ఇల్లువాకిళ్లు విడిచి, పొలిమేర దాటి, రామనగరమున పాకలు వేసికొని, ఎండవానల కోర్చి దాదాపు పదకొండు నెలలు నివసించిరి. తుదకు మరలి రావలసివచ్చినను వారి యైకమత్యమును వెలయిచ్చి కొన్నవాడు లేడు.

నేటి స్థితి యేమి? 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము గ్రామసభకు రాజ్యాంగమున స్థానమిచ్చినది. ఓటర్ల పట్టికలో పేరున్న స్త్రీపురుషులందరును దానియందు సభ్యులే. అట్టి హక్కు చేతనుండగా, కొన్ని యూళ్లలో సర్పంచి పదవిని వేలము వేయుచున్నట్లు ఎన్నిక లెన్నికలకు వార్తలు వచ్చుచునే యున్నవి. ప్రభుత్వములును ఏకగ్రీవమునకు కానుకలు ప్రకటించుచున్నవి. 2021లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము జనసంఖ్యనుబట్టి 5 లక్షలు మొదలు 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహక మిత్తుమనెను. ఊరికి సొమ్ము వచ్చుననుమాట, నిలువదలచిన పేదవాని నోటికి తాళము కాగూడదు.

వేలపుసొమ్ము గుడికో బడికో చేరును గదా యని కొందరందురు. గుడికి చందా వేరు, పదవికి వెల వేరు. పోటీనుండి తొలగుటకై యొకనికి సొమ్మిచ్చుట చట్టరీత్యా లంచమే. పాట పాడజాలని కూలివాడును, రిజర్వేషనువలన నిలువదగిన యాడపడుచును నామపత్రము వేయకమునుపే ఓడిపోవుచున్నారు. పెట్టుబడి పెట్టినవాడు దానిని పంచాయతీ సొమ్మునుండి రాబట్టుకొనక మానునా?

గ్రామపెద్దలారా! ఏకగ్రీవము కోరుదురేని ముందు గ్రామసభను కూర్చుడు. జమాఖర్చులు చదివి వినిపింపుడు. వెనుక నిలిచినవానిని ముందునకు పిలిచి మాటాడనిండు. నిలువదలచినవారిని నిర్భయముగా నిలువనిండు. అటుపిమ్మట నొక్కరే మిగిలిన, ఆ యేకగ్రీవమునకు మేమును చేతులు జోడింతుము. లేనిచో పోటీయే మేలు. ఫలితము తెలిసిన మరునాడు గెలిచినవారును ఓడినవారును కలిసి ఊరి చెరువుగట్టు వేసికొనుటయే నిజమైన యైకమత్యము.