ఆటలో తుపాకీ, ఇంట్లో చిరాకు

అన్నానికి పిలిచి పిలిచి మన గొంతు పోతుంది. "ఒక్క నిమిషం అమ్మా" అంటాడే గానీ అబ్బాయి లేవడు. ఓపిక నశించి సెల్‌ఫోన్ లాక్కుంటాం. అంతే! కంచం తోసేసి, గదిలోకెళ్ళి తలుపు ధడాలున వేసుకుంటాడు. ఆ కాల్పుల ఆటలాడి వీడు రౌడీ అయిపోడు కదా అని మనకు గుండె దడ. మీ ఇంట్లోనూ ఇదే తంతు కదూ!

ఈ భయంలో నిజమెంత? అమెరికాలోని మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం 2020లో ఒక మాట తేల్చి చెప్పింది. హింస నిండిన వీడియో గేములకూ, అరవడం, నెట్టడం వంటి దుడుకుతనానికీ కొద్దిపాటి సంబంధం ఉందిట. కానీ నేరాలకూ ఘోరాలకూ ఆ ఆటలే కారణమనడానికి తగిన ఆధారాలు లేవుట. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ళ పిల్లలు వెయ్యిమందినీ, వాళ్ళ పెద్దలనూ అడిగి చూస్తే ఆ కొద్దిపాటి సంబంధమూ కనబడలేదు.

మరి ఆ కోపం ఎక్కడిది? పబ్జీని 2020లో మన దేశంలో నిషేధించాక, 2021లో అది బీజీఎంఐ పేరుతో వచ్చింది. అందులో సాధారణంగా నలుగురు జట్టుగా ఆడతారు. ఒక్కో ఆట అరగంట దాకా సాగుతుంది, మధ్యలో ఆపడం కుదరదు. గారెలు నూనెలో వేశాక ఎవరైనా వచ్చి స్టౌ ఆర్పేస్తే మనకెలా ఉంటుంది? వాడికీ అంతే!

అందుకే ఆట మధ్యలో లాక్కోకండి. మొదలుపెట్టకముందే "ఇదే ఆఖరాట, తర్వాత భోజనం" అని చెప్పండి. ఒప్పుకున్న మాట తప్పితే మాత్రం మర్నాడు ఫోన్ ఇవ్వకండి. రాత్రిళ్ళు ఫోన్ హాల్లోనే ఛార్జింగుకి పెట్టించండి. నిద్ర చాలని పిల్లవాడికి చిరాకు రాక ఏం వస్తుంది? ఆటకు రాసి ఉన్న వయసు కూడా చూడండి. జీటీఏ-5 ఆటకు ఐరోపాలో 18 ఏళ్ళు నిండాలని నియమం. పదేళ్ళవాడి చేతికి అదెందుకు? ఒకరోజు పక్కన కూర్చుని ఏమాడుతున్నాడో అడగండి. సంబరపడిపోయి చెబుతాడు.

చదువూ తిండీ స్నేహాలూ వదిలేసి నెలల తరబడి ఆటే లోకమైతే మాత్రం అది జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో 2022 నుంచి దీనికీ చోటుంది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2014లోనే ఇలాంటి వాటికి ప్రత్యేక క్లినిక్ పెట్టారు. మీ ఊళ్ళో మానసిక వైద్యుడికైనా సరే, సిగ్గుపడకుండా చూపించండి.

పిల్లవాడు ఎవరిమీదైనా చెయ్యి చేసుకుంటున్నాడా? అప్పుడు తప్పంతా ఫోన్ మీదికి నెట్టేసి ఊరుకోకండి. బడిలో వాణ్ణెవరైనా ఏడిపిస్తున్నారా? ఇంట్లో పెద్దవాళ్ళు చెయ్యెత్తుతున్నారా? ఆటలో తుపాకీని వాడు బొమ్మ అనే అనుకుంటాడు. ఇంట్లో పడే చెంపదెబ్బ బొమ్మ కాదు కదమ్మా!