కషాయం కంటే కబురే వేగం

2020వ సంవత్సరం వేసవిలో ఒకనాటి ఉదయం పటాన్‌చెరు కర్మాగారంలో పనిచేసే ఒక నడివయస్కుణ్ణి ఆయన భార్య కొండాపూర్‌లోని మా వైద్యశాలకు తీసుకొనివచ్చింది. మనిషి పాలిపోయి ఉన్నాడు. నాడి బలహీనంగా ఉంది. రెండు రోజులుగా మలం నల్లగా వస్తున్నదని ఆమె చెప్పింది. కరోనా దరిచేరకుండా మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క కషాయం రోజుకు ఐదారు పర్యాయాలు తాగుతున్నాడట. జీర్ణాశయంలో పూర్వం నుండీ పుండు ఉన్న శరీరం! ఆ క్షణమే పెద్దాసుపత్రికి పంపాను. రక్తం ఎక్కించిన మీదట బతికాడు.

"ఈ కషాయం ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాను.

"మీరే రాసిచ్చిండ్రు గద అయ్యా!" అని ఫోను చూపించింది.

దస్తూరీ నాదే. కఫంతో దగ్గుతున్న మరొకరికి ఐదు రోజులకని రాసిన చీటీ అది. పైన రోగి పేరు, కింద మోతాదు, పథ్యం ఉన్న భాగాలు లేవు. నడుమ ఉన్న మూడు ద్రవ్యాల పేర్లు మాత్రమే ఎవరో ఫొటో తీసి పంపగా, అది ఎన్ని ఇళ్లు తిరిగిందో!

ఆ తరువాత వచ్చిన వారిని విచారించడం అలవాటు చేసుకున్నాను. ఆ మార్చి నెలలో ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా ఒక కషాయం సూచించింది. తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్ష; రోజుకు ఒకటి రెండు సార్లు. నోటిపూత, గుండెమంటతో నా వద్దకు వచ్చిన వారిలో ఎండుద్రాక్ష సంగతి చెప్పినవారు అరుదు. పిత్తాన్ని శమింపజేసేది అదే. ఘాటైనవి నోళ్లలో నిలిచాయి, చల్లనిది జారిపోయింది. "ఒకటి రెండు సార్లు" అన్న మాట అంతకు ముందే పోయింది. కబురుకు బరువైనది మోతాదే కాబట్టి మోసేవాడు మొదట దానినే దించుతాడు.

చరకుడు జ్ఞానసాధనాలలో ఆప్తోపదేశాన్ని చేర్చాడు. రజస్తమో దోషాలు తొలగినవారినే ఆయన ఆప్తులన్నాడు. మన వాడుకలో ఆప్తుడంటే దగ్గరివాడు, బంధువు, స్నేహితుడు. బావమరిది పంపాడు గనుక నిజమే అయి ఉంటుందని మనం నమ్మడంలో ఈ అర్థభేదమంతా ఉంది. బావమరిదికి మన మీద ప్రేమ ఉండవచ్చు, మన జీర్ణాశయం గురించి ఆయనకేమి తెలుసు?

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందుకు వేలాది జనం తరలివెళ్లగా పంపిణీ ఆపవలసి వచ్చింది. ఆ నెల 31న ప్రభుత్వం కంటి చుక్కలు మినహా ఇతర మందులకు అనుమతినిచ్చింది. ఆ మందు గుణదోషాలు ఇక్కడ నా విషయం కాదు. చుక్కలు వేయగానే తేరుకున్నానని ఒక వృద్ధుడు చెప్పిన దృశ్యాన్ని నాకు ఒకే రోజు అనేకమంది పంపారు. కొద్ది రోజులకే ఆయన ఆసుపత్రిలో మరణించారు. ఆ వార్తను నాకు ఎవరూ పంపలేదు. దినపత్రికలో చదివి తెలుసుకున్నాను.

కోలుకున్నవాడు పదిమందికి చెబుతాడు. కోలుకోనివాడి ఇంట్లో ఫోను మూగబోతుంది. అందుచేత ప్రతి మందూ లోకంలో తన విజయాలతోనే తిరుగుతుంది. దీనికి మా వైద్యులం, ఇటువంటి పత్రికలు కూడా బాధ్యులమే. "గ్యాస్‌కు వాము" అని రెండు మాటల్లో రాసిన రోజులు నాకూ ఉన్నాయి. చదవడానికి హాయిగా ఉంటుందని!

ఇప్పుడు చీటీలో ద్రవ్యాల పేర్లకు ముందే మోతాదు, ఎన్ని రోజులు అన్నది రాస్తున్నాను. రోగి పేరు ద్రవ్యాల వరుసల మధ్యనే ఇరికించి, "ఇతరులు వాడరాదు" అని ఎర్ర సిరాతో చేరుస్తున్నాను. మొన్న సదాశివపేట నుండి ఒకాయన అటువంటి చీటీ నకలు పట్టుకొని వచ్చాడు. తన పేరు అది కాదు. ఎర్ర సిరా మాట గురించి అడిగితే, "అంత గొప్ప మందు గనుకనే కదండీ దాచమన్నారు!" అన్నాడు.