దొరకిన సాహిత్యము, దొరకని బాణి

రామగిరి పరిసరములలో నేల లోతున బొగ్గు కలదని అక్కడి బాలురకు సైతము తెలియును. త్రవ్వి తీసినంతమాత్రమున అది వెలుగునీయదు. రగుల్కొల్పువారు వేరుగా కావలెను. మరుగుపడిన సంగీతము విషయమును ఇట్టిదే. ఒక వాగ్గేయకారుని కృతులు బయటపడినవని విన్నపుడు, దొరకినది ఏది, దొరకనిది ఏది అని విచారించుట అవసరము.

ఇటలీలోని వెనిస్ నగరమున 1678లో జన్మించిన వివాల్డి వాద్యబృందములకై వందలకొలది కృతులు రచించెను. 1741లో ఆయన వియన్నాలో మరణించిన పిమ్మట లోకము ఆయనను దాదాపు మరచినది. 1926లో ఒక క్రైస్తవ విద్యాలయము తన పాత గ్రంథములను అమ్మదలచినపుడు, ట్యూరిన్ గ్రంథాలయము వారి పరిశీలనలో ఆయన వ్రాతప్రతులు బయటపడెను. కొనుటకు గ్రంథాలయము వద్ద ధనము లేకపోగా, పసిబిడ్డలను పోగొట్టుకొన్న ఇరువురు తండ్రులు ఆ బిడ్డల స్మృత్యర్థము, ఒకరి తరువాత ఒకరు, ఆ ప్రతులను కొనియిచ్చిరి. 1939లో సియెనా నగరమున ఆ సంగీతమునకు వారోత్సవము జరిగినది. స్వరములు కాగితముపై నిలిచియున్నందున, ఏ వాద్యము ఎచ్చట ఏమి పలుకవలెనో వాదకులు చదివి తెలిసికొనగలిగిరి.

తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంగతి వేరు. 1922లో తిరుమల ఆలయములోని రాగిరేకులు వెలుగు చూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి విద్వాంసులు వాటిని పరిష్కరించుటకు శ్రమించిరి. వేలకొలది సంకీర్తనలు దక్కినవి. కాని రేకులపై సాహిత్యమును, రాగము పేరును మాత్రమే కలవు, స్వరరచన లేదు. ఆయన ఎట్లు పాడెనో చెప్పగల పరంపరయు నిలువలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి మొదలగువారు స్వరములు కూర్చిన పిమ్మటనే ఆ పాటలు ఇంటింటికి చేరినవి.

బాణి ఇటీవలిదని చెప్పినచో అన్నమయ్యకు లోపము కలుగునని కొందరు శంకింతురు. అట్లు కలుగదు. చెప్పకపోయినచో మాత్రము బాణి కూర్చిన వారికి అన్యాయమగును. విద్యార్థికి చరిత్ర తప్పుగా తెలియును. పాఠశాలలో సంకీర్తన పాడించు ఉపాధ్యాయుడు, సాహిత్యకర్త పేరుతోపాటు, తెలిసినంతవరకు, స్వరకర్త పేరును చెప్పుట ధర్మము.

ఇక మూడవ స్థితి రామగిరి ప్రాంతములోనే కలదు. నాట్లవేళ స్త్రీలు పాడు పాటలకును, ఒగ్గుకథకుల గానమునకును రాగిరేకులు లేవు, స్వరలిపి లేదు. గనుల పనికై పలు ప్రాంతముల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములలోని వృద్ధులకు తమ తమ ఊళ్ళ పాటలు తెలిసియుండును. ఇచ్చట సాహిత్యము, బాణి రెండును గొంతులోనే కలవు. ఆ గొంతు మూగవోయినచో వెదకి తీయుటకు ఏ భాండారమును మిగులదు.

కావున ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక పని చేయింపవచ్చును. ఇంటిలోని పెద్దల అనుమతితో వారి పాటను చేతిఫోనులో ధ్వనిముద్రణ చేసి, పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భమున పాడుదురో ఒక పుస్తకమున వ్రాసి పాఠశాలలో భద్రపరుపవలెను. సాహిత్యమును మాత్రమే వ్రాసికొని తృప్తి చెందరాదు; ఆ రాగిరేకుల కొరత ఇచ్చట మరల కలుగరాదు.