చెరిగిపోకముందే చదువవలెను

ఆటవస్తువులను పదిలపరచుట పెద్దలు చేయదగిన పనియా అని కొందరు ప్రశ్నింతురు. పాత వీడియో ఆటల యంత్రములనుండి జ్ఞాపకపు చిప్పులను ఊడదీసి, వాటిలోని విషయమును చదివి భద్రపరచుచున్నవారిని చూచి నవ్వువారును కలరు. నాణెము వేసి ఆడుకొను పెట్టెయే మూలబడిన తరువాత దానిలోని రాత ఎవరికి కావలెనను వారి వాదము పైకి సమంజసముగనే తోచును. కాని ఆ రాత ఎట్టిదో, ఎట్లు నశించుచున్నదో తెలిసినవారు ఆ మాట అంత తేలికగా అనజాలరు.

జపానులోని టైటో సంస్థ 1978లో వెలువరించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ ఆటను రూపొందించినవాడు తోమోహిరో నిషికాడో. ఇంటెల్ 8080 అను ప్రాసెసరు దానిని నడిపెను. ఆ ఆట ప్రోగ్రాము అంతయు 8 కిలోబైట్లు, అనగా 8,192 బైట్లు మాత్రమే. 1980లో నామ్కో సంస్థనుండి వచ్చిన ‘పాక్-మాన్’ ప్రోగ్రాము 16 కిలోబైట్లు. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము వీటికంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమించును. ఇంత ఇరుకులో ఇంత పని చేయించిన నేర్పు సూత్రగ్రంథములు వ్రాసినవారి సంక్షిప్తతను తలపింపక మానదు.

అట్టి రాతను దాచిన చిప్పులలో ముఖ్యమైనది ఈప్రామ్. దానిని 1971లో ఇంటెల్ సంస్థయందు డోవ్ ఫ్రోమన్ కనిపెట్టెను. అందు ప్రతి బిట్టునకును ఒక చిన్న చెర కలదు. ఆ చెరలో ఎలక్ట్రానులు బంధింపబడియున్నచో సున్న, లేనిచో ఒకటి. చిప్పు నడినెత్తిన స్ఫటికపు కిటికీ యుండును. దానిగుండ అతినీలలోహిత కిరణములు సోకినచో బందీలు తప్పించుకొని పోవుదురు, సున్నలన్నియు ఒకట్లగును. అందుచేతనే కిటికీపై చీటీ అంటింతురు. చీటీ ఊడి ఎండ నేరుగా తగిలినచో సుమారు ఒక వారములో రాత చెరిగిపోవునని తయారీదారుల పత్రములే హెచ్చరించినవి. ఎండ తగులకున్నను, దశాబ్దములు గడచినకొలది ఎలక్ట్రానులు మెల్లమెల్లగ జారిపోవుచునే యుండును.

ఇట్టి చిప్పును చదువుట యనగా దాని చిరునామా తీగెలపై ఒక్కొక్క సంఖ్యను నిలిపి, మారుతీగెలపై వచ్చిన సమాధానమును వరుసగా వ్రాసికొనుటయే. వినుటకు సులభము, చేయుటకు ఓపిక కావలెను. పాతదైన 2708 చిప్పునకు +5, -5, +12 వోల్టులు మూడును ఒకేమారు కావలెను. నేటి చౌక పరికరములు పెక్కు ఆ మూడింటిని ఇయ్యజాలవు. పైగా బుద్ధిమంతుడైన చదువరి ఒకమారు చదివి తృప్తిపడడు. పలుమారులు చదివి పోల్చును. ఫలితము మారుచున్నచో వోల్టేజిని కొంచెము తగ్గించి మరల చదువును. అట్లు చేసినచో సగము కారిపోయిన సున్న కూడ సున్నగనే పలుకుట కవకాశము హెచ్చు. పిదప అదే ఆటకు చెందిన మరియొక బోర్డునుండి తీసిన ప్రతితో సరిచూచును.

తెలుగు ఉపాధ్యాయులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. సి. పి. బ్రౌను పలు తావులనుండి తాళపత్ర ప్రతులను తెప్పించి, పండితులచేత పాఠములను పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించినది ఈ రీతినే. అయితే ఒక భేదము కలదు. తాటాకును పురుగు తిన్నచో రంధ్రము కంటికి కనబడును. చిప్పులో అక్షరము పోయినచోట ఖాళీ మిగులదు. మరియొక అక్షరము వచ్చి కూర్చుండును. అపపాఠము సుపాఠమువలెనే కనబడును. కనుక ఇచ్చట ఆలస్యము మరింత ప్రమాదకరము.

చదివినందువలన లాభమేమి? ‘స్పేస్ ఇన్వేడర్స్’లో శత్రువులు తగ్గినకొలది మిగిలినవారి వేగము హెచ్చును. ప్రోగ్రాము ఒక్కొక్క మారునకు ఒక్క శత్రువునే జరుపును. 55 మంది యున్నపుడు ఒక్కొక్కరి వంతు ఆలస్యముగ వచ్చును. కొందరే మిగిలినపుడు వెంటవెంటనే వచ్చును. ఆటకు ప్రాణమైన ఆ ఉత్కంఠ యంత్రముయొక్క మాంద్యమునుండి పుట్టినది. ‘పాక్-మాన్’లో 256వ మెట్టున తెర కుడిసగము చిందరవందర యగును. మెట్టుల లెక్క ఒకే బైటులో ఉన్నది; 255కు ఒకటి కలిపినచో అది సున్న యగును; ఫలముల బొమ్మలను గీయు భాగము దారి తప్పి 256 మారులు గీయును. బైటు పరిమితిని బోధించుటకు ఇంతకంటె చక్కని పాఠము ఉపాధ్యాయునకు దొరకుట అరుదు. ఆటను చూచి ఊహించినది ఈ రాతను చదివినపుడే నిశ్చయమైనది.

ఇది పరుల సొమ్మును దొంగిలించుట కాదా యని ఆక్షేపింపవచ్చును. చదివిన ప్రతులను అమ్ముకొనువారు లేకపోలేదు, అది తప్పే. కాని అమ్ముకొనుట వేరు, కాపాడుట వేరు. అమెరికాలో 2006లో, వాడుక తప్పిన రూపములలోని ప్రోగ్రాములను, ఆటలను భద్రపరచుటకై రక్షణ తాళములను విప్పుటకు గ్రంథాలయములకు, పత్రభాండాగారములకు మినహాయింపు లభించెను. ఆ వివేకము మంచిదే. కాని ఈ శ్రమ పడినవారిలో పెక్కురు ఔత్సాహికులు. ఇటలీ దేశస్థుడైన నికోలా సల్మోరియా 1997 ఫిబ్రవరిలో మొదట విడుదల చేసిన ‘మేమ్’ అను ప్రోగ్రాము అట్టివారి కృషితోనే పెరిగినది.

యజమానులే కాపాడుదురని నమ్మి యూరకుండుట చాలదు. క్యాప్‌కామ్ సంస్థ 1993లో ప్రవేశపెట్టిన సిపిఎస్-2 బోర్డులలో ప్రోగ్రాము గూఢలిపిలో నుండెను. దానిని విప్పు తాళపుచెవి బ్యాటరీపై ఆధారపడిన జ్ఞాపకములో నుండెను. బ్యాటరీ అయిపోయినచో తాళపుచెవి మాయమగును, బోర్డు మూగపోవును. 2007లో ఔత్సాహికులు ఆ గూఢలిపి మర్మమును ఛేదించుటచేత ఆ ఆటలు బ్రతికినవి. తాళము వేసినవాని శ్రద్ధకంటె తాళము విప్పినవాని శ్రద్ధ గ్రంథమునకు మేలు చేసినది.

కావున చేయవలసినవి మూడు. ఆటల సంస్థలు తమ పాత ప్రోగ్రాములను పత్రభాండాగారములలో నుంచవలెను. శాసనము రక్షణార్థమైన ప్రతికిని విక్రయార్థమైన ప్రతికిని భేదము పాటించి, ఔత్సాహికులకును ఆ నీడను ఇయ్యవలెను. పాత బోర్డు చేజిక్కినవారు చీటీని ఊడదీయక, దానిపై వ్రాసిన పేరును సంఖ్యను గుర్తించి, చదువనేర్చినవారికి అప్పగింపవలెను. ఆటయా, కావ్యమా అను తారతమ్యమును రాబోవు తరములు నిర్ణయించుకొనగలవు; నిర్ణయించుటకు మూలము మిగిలియుండవలెను గదా.