బద్ధకం కాదు, బాట బాగాలేదు

జహీరాబాదులో ఒక కిరాణం దుకాణాన్ని ఊహించుకోండి. గల్లాపెట్టె దగ్గర పాతికేళ్ళ అన్న ఒకడు కూర్చున్నాడు. అతనికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు వచ్చింది. మందులు వాడాక, చెవుల్లో లేని మాటలు వినబడడం ఆగిపోయింది. మీరు వెళ్ళి, "అరకిలో కందిపప్పు, పావుకిలో బెల్లం, రెండు సబ్బులు" అన్నారు. అతడు పప్పు తూచాడు, బెల్లం తూచాడు, సబ్బులు మరచిపోయాడు. చిల్లర లెక్క పెట్టడానికి చాలాసేపు పట్టింది. వెనుక నిలబడిన పెద్దమనిషి విసుక్కున్నాడు: "మందులు మింగుతున్నాడుగా, ఇంకా ఏం రోగం? ఒళ్ళు బద్ధకం!"

ఈ మాట తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో చూద్దాం.

మన మెదడును కోసి చూస్తే రెండు రంగులు కనిపిస్తాయి. పైపొర బూడిద రంగులో ఉంటుంది. ఇక్కడ నాడీకణాలు గుమిగూడి ఉంటాయి. లోపలి భాగం తెల్లగా ఉంటుంది. ఆ కణాల నుంచి బయలుదేరే పొడవాటి తంతువులే ఈ తెల్ల పదార్థం. నాడీకణాలు ఊళ్ళయితే, ఇవి ఊళ్ళను కలిపే బాటలు. యువకుని మెదడులోని ఈ తంతువులను ఒకదాని కొన కొకటి కలిపితే లక్షన్నర కిలోమీటర్లకు తక్కువ ఉండదట! అంటే భూమిని మూడుసార్లకు పైగా చుట్టిరావచ్చు.

మరి తెలుపు ఎక్కడిది? కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లే, ఈ తంతువులకు మయిలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. తొడుగులేని సన్నని తంతువులో సంకేతం సెకనుకు ఒకటి రెండు మీటర్లు నడుస్తుంది. తొడుగున్న లావు తంతువులో 100 మీటర్ల దాకా పరుగెత్తుతుంది.

నీటి అణువుల కదలికను బట్టి ఈ బాటల తీరును గమనించే స్కానింగు పద్ధతి 1990లలో వచ్చింది. ఆ పద్ధతితో 1,963 మంది స్కిజోఫ్రీనియా రోగులను, 2,359 మంది ఆ జబ్బు లేనివారిని పోల్చిన అంతర్జాతీయ పరిశోధన 2018లో వెలువడింది. రోగుల మెదళ్ళలో తెల్ల బాటల అమరిక చాలాచోట్ల కొంత సడలినట్లు తేలింది. ఆలోచనా వేగం తగ్గడానికీ, ఈ మార్పులకూ సంబంధం ఉన్నట్లు ఇతర పరిశోధనలూ చూపాయి.

హైదరాబాదు నుంచి జహీరాబాదుకు సుమారు 100 కిలోమీటర్లు. రోడ్డు నున్నగా ఉంటే బస్సు వేళకు వస్తుంది, గుంతలుంటే ఆలస్యమవుతుంది. ఆలస్యమైనందుకు డ్రైవరును సోమరి అందామా?

అయితే ఒక జాగ్రత్త. ఇవి వేలాది మందిని కలిపి తీసిన సగటు తేడాలు. ఒక్క స్కానింగు చూసి ఫలానావారికి ఈ జబ్బు ఉందని చెప్పలేము. ఈ మార్పు జబ్బుకు కారణమా, ఫలితమా అన్నదీ ఇంకా పూర్తిగా తేలలేదు. కొందరిలో మందుల వల్ల మగత కూడా కలుగుతుంది. అప్పుడు డాక్టరుకు చెప్పాలి గాని, మందులు మానరాదు.

"మెదడులోనే లోపముంటే ఇక బాగుపడేదేముంది?" అని కొందరంటారు. ఇదీ సరికాదు. మెదడు మారగల అవయవం. జ్ఞాపకానికీ, ఏకాగ్రతకూ ఇచ్చే శిక్షణ, వ్యాయామం మేలు చేస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. ఈ జబ్బు ఎక్కువగా పదహారు, ముప్పై ఏళ్ళ మధ్య తలెత్తుతుంది. అంటే మీ అన్నల, అక్కల వయస్సులోనే. దానిని గాలి సోకిందనుకుని నెలల తరబడి తాయెత్తులు కట్టడం వల్ల విలువైన కాలం పోతుంది.

వైద్యం పెద్ద నగరాల్లోనే దొరకాలని లేదు. 1980లలో బళ్ళారి జిల్లాలో, బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే శిక్షణ ఇచ్చి ఈ సంగతి చూపింది. ప్రభుత్వ సేవల ద్వారా మానసిక వైద్యం పొందడం 2017 చట్టం ప్రకారం హక్కు. 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా తెలుగులోనే సలహా చెబుతారు.

మరి మీరేం చేయగలరు? ఈసారి ఆ దుకాణానికి వెళ్ళినప్పుడు సరుకులు ఒక చిట్టీ మీద రాసి ఇవ్వండి. అతనికి గుర్తుపెట్టుకునే భారం తగ్గుతుంది. "నిదానంగా ఇవ్వన్నా, నేను ఉంటాను" అనండి. వెనుక ఎవరైనా విసుక్కుంటే, మీరు చదివిన ఈ తెల్ల బాటల సంగతి వారికి చెప్పండి.